తొండుపల్లి టోల్‌గేట్ నుంచి సుప్రీంకోర్టు దాకా

శంషాబాద్ అంటే చాలామందికి విమానాశ్రయమే. స్త్రీల హక్కుల చరిత్రలో మాత్రం తొండుపల్లి టోల్‌గేట్‌కూ చోటుంది. 2019 నవంబరు 27 రాత్రి, స్కూటర్ టైరు పంక్చరై అక్కడ ఆగిపోయిన యువ పశువైద్యురాలు చెల్లెలికి ఫోన్ చేసి భయమేస్తోందని చెప్పింది. మర్నాడు షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద ఆమె కాలిన మృతదేహం దొరికింది.

అందరూ ఆమెను పిలిచే ‘దిశ’ అసలు పేరు కాదు. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడం నేరం కాబట్టి పోలీసులు పెట్టిన పేరు.

డిసెంబరు 6న, ఆమె అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులూ చటాన్‌పల్లి దగ్గర పోలీసుల ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. అదే రోజు దాన్ని ప్రశ్నిస్తూ హైకోర్టును ఆశ్రయించినవాళ్లలో మహిళా కార్యకర్తలున్నారని తెలుసా? చాలామందికి అది మింగుడుపడలేదు. కానీ ఖాకీ చేతికి చంపే అధికారం ఇస్తే ఆడవాళ్లకే ముప్పని హైదరాబాద్‌కు ముందే అనుభవం.

1978. సినిమా చూసి రాత్రివేళ ఇంటికొస్తున్న రమీజాబీని, ఆమె భర్తను నల్లకుంట పోలీసులు స్టేషన్‌కు లాక్కెళ్లారు. ఆమెపై అత్యాచారం జరిగింది, దెబ్బలకు భర్త చనిపోయాడు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. పోలీసుల వాదన ఒక్కటే: ఆమె వేశ్య. కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. అక్కడ పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు.

వేశ్యే అయితే మాత్రం? అత్యాచారం అత్యాచారం కాకుండా పోతుందా? ఈ ప్రశ్నను వదలకుండా అడిగినందుకే చట్టం కదిలింది. 1983లో కస్టడీ అత్యాచారం ప్రత్యేక నేరమైంది. బాధితురాలి ‘శీలం’ మంచిది కాదని చూపి ఆమె సాక్ష్యాన్ని కొట్టేసే వీలును తీసేయడానికి మాత్రం 2002 దాకా పట్టింది. ఇంత ఆలస్యం క్షమించరానిది.

ఇక వేశ్యావృత్తిని, అంటే సెక్స్ వర్క్‌ను, చట్టం ఎలా చూడాలన్న విషయంలో ప్రపంచ స్త్రీవాదులకే ఏకాభిప్రాయం లేదు. స్వీడన్ 1999 నుంచి కొనేవాడినే శిక్షిస్తోంది. న్యూజిలాండ్ 2003లో ఆ వృత్తినే నేరాల జాబితా నుంచి తీసేసింది.

ఆ చర్చ ఎలా ఉన్నా, 2022 మే 19న మన సుప్రీంకోర్టు, లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కర్‌కూ మిగతా బాధితురాళ్లందరికీ దక్కే వైద్యం, సాయం అందాల్సిందేనంది. మర్నాడే చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్‌పై సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది: చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారు, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలి.

దిశ కనిపించకుండా పోయిన రాత్రి ఫిర్యాదు తీసుకోవడంలో జాప్యం చేసినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. ‘మా పరిధి కాదు’ అంటే, పరిధితో సంబంధం లేకుండా నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి.