గ్రహణం చెప్పిన సాక్ష్యం

నిమ్మాడ మీదుగా టెక్కలి వైపు పోయే రహదారికి అటూ ఇటూ ఉన్న కొన్ని పల్లెల పేర్లు శాసన గ్రంథాలలో తరచు కనిపిస్తాయి. జర్జంగి, సంతబొమ్మాళి, టెక్కలి మొదలైన చోట్ల తూర్పు గాంగరాజుల తామ్రశాసనాలు దొరికినవి. మూడు రాగిరేకులు, వాటిని గుచ్చిన ఒక కడియం, కడియంపై రాజముద్ర: శాసనం రూపం సాధారణంగా ఇదే. ఏ రాజు, ఏ బ్రాహ్మణునికి, ఏ గ్రామం దానమిచ్చాడో రేకులపై సంస్కృతంలో చెక్కి ఉంటుంది. చివర సంవత్సరం కూడా ఉంటుంది. జర్జంగి రేకులపై 39, సంతబొమ్మాళిలో దొరికిన ఒక శాసనంపై 87, టెక్కలి శాసనం ఒకదానిపై 154.

ఈ అంకెలు దేనినుండి లెక్క? గాంగరాజులు తమ వంశం పేర ఒక శకాన్ని నడిపారు. అయిదువందల ఏళ్లకు పైగా అది కళింగంలో వాడుకలో ఉన్నది. పదకొండవ శతాబ్దంలో వారే శాలివాహన శకానికి మారారు. అంతటితో పాత లెక్క జనం జ్ఞాపకంనుండి జారిపోయింది. అది ఏ యేట మొదలైనదో ఏ రేకుపైనా వ్రాసిలేదు. వ్రాయవలసిన అవసరం ఆనాడు ఎవరికి తోస్తుంది? ఫలితంగా అయిదు శతాబ్దాల కళింగ చరిత్ర మొదలు తెగిన దారంలా మిగిలింది. ఎవరి తరువాత ఎవరో తెలుసు. ఎప్పుడో మాత్రం తెలియదు.

ఆ దారానికి ఒక కొసను పట్టి యిచ్చినవాడు ఒక బడిపంతులు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా గిడుగు వెంకట రామమూర్తిగారిని ఎరుగని తెలుగువాడు ఉండడు. ఆయన శాసన పరిశోధకుడు కూడా అని తెలిసినవారు తక్కువ. శ్రీముఖలింగం దాపున పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, పాత లిపులను స్వయంకృషితో నేర్చుకున్నారు. గాంగుల రాజధాని కళింగనగరం ఎక్కడ అన్న ప్రశ్నకు వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగమే అని ఆయన ఇచ్చిన జవాబు పండితుల ఆమోదం పొందింది. నరసన్నపేట ప్రాంతంలోని నడగాంలో దొరికిన రేకులను చదివి ప్రకటించినవారు కూడా ఆయనే.

నడగాం శాసనం వజ్రహస్తుడనే గాంగరాజుది. అతని పట్టాభిషేక సంవత్సరం అందులో అంకెలతో గాక మాటలతో ఉన్నది: ఆకాశం, ఋతువులు, నిధులు. ఆకాశం సున్న, ఋతువులు ఆరు, నిధులు తొమ్మిది. ఇట్టి సంఖ్యలను కుడినుండి ఎడమకు పేర్చుకోవలె. అప్పుడు శక సంవత్సరం 960 వస్తుంది. దానికి 78 కలిపితే క్రీ.శ. 1038. వజ్రహస్తునికి ముందు మధుకామార్ణవుడు 19 ఏళ్లు ఏలినట్లు కూడా ఆ రేకులు చెబుతున్నవి. అనగా అతని కాలం 1019 నుండి 1038 వరకు. ఈ మధుకామార్ణవుని దానపత్రాలపై పాత గాంగ శకంలో 520 పైచిలుకు సంవత్సరాలు కనిపిస్తాయి. తీసివేత చేస్తే గాంగ శకారంభం సుమారు 490కి, 512కి నడుమ పడుతుంది. ఇంకా ఇరవై ఏళ్ల సందేహం మిగిలే ఉన్నది.

ఇక్కడ ఖగోళశాస్త్రం సాక్ష్యానికి వస్తుంది. శ్రీకాకుళంలో దొరికిన ఇంద్రవర్మ శాసనం ఒకటి గాంగ సంవత్సరం 128 నాటిది. దీనిని ఫ్లీట్ ప్రకటించాడు. మార్గశిర పౌర్ణమినాటి చంద్రగ్రహణ సమయంలో దానం జరిగినదని అందులో ఉన్నది. గ్రహణకాలంలో చేసిన దానం పుణ్యప్రదమన్న నమ్మిక ఆ రాజుది. ఆ నమ్మికే మనకు కొలబద్ద అయింది.

చంద్రగ్రహణం పౌర్ణమినాడే పడుతుంది. కాని ప్రతి పౌర్ణమికీ పట్టదు. చంద్రుని మార్గం సూర్యుని మార్గానికి సుమారు అయిదు డిగ్రీలు వాలి ఉన్నది. ఆ రెండూ ఖండించుకొనే బిందువులే రాహుకేతువులు. పౌర్ణమినాటికి సూర్యుడు ఒక బిందువు దగ్గర, చంద్రుడు రెండవదాని దగ్గర ఉంటేనే భూమి నీడ చంద్రునిపై పడుతుంది. ఈ బిందువులు స్థిరంగా ఉండక, సుమారు 18.6 సంవత్సరాలకు ఒకసారి ఆకాశాన్ని వెనుకకు చుట్టివస్తాయి. అందువల్ల ఒకే మాసపు పౌర్ణమికి వరుసగా రెండు మూడేళ్లు గ్రహణం పట్టవచ్చును. తరువాత చాలా ఏళ్లపాటు పట్టదు.

ఇక లెక్క చూడండి. శకారంభం 490–512 నడుమ అయితే 128వ సంవత్సరం 618–640 నడుమ రావలె. ఆ కాలంలో మార్గశిర పౌర్ణమినాడు భూమి నీడ చంద్రుని తాకినది 624, 625, 626 సంవత్సరాలలోనే. మూడింటిలో 625 నవంబరు 20 నాటిది సంపూర్ణ గ్రహణం. కళింగంలో అది తెల్లవారుజామున, చంద్రుడు పడమటికి వాలి ఉండగా కనిపించి ఉండవలె. ఈ ఏళ్లనుండి 128 తీసివేస్తే 496, 497, 498 వస్తాయి. ఇరవై ఏళ్ల సందేహం మూడేళ్లకు తగ్గింది.

ఒక్క గ్రహణం ఇంతకు మించి తేల్చలేదు. వ్రాసిన అంకె గడచిన ఏడా, నడుస్తున్న ఏడా అన్న చిక్కు ఒకటి ఉండనే ఉన్నది. ఏడాది ఏ మాసంతో మొదలవుతుందన్నది మరొకటి. పండితులు 494 మొదలుకొని పలు సంవత్సరాలను ప్రతిపాదించారు. ఇతర రేకులలోని తిథులను, సంక్రాంతులను కూడా సరిచూచి వి. వి. మిరాశీ నిర్ణయించిన 498 ఇప్పుడు ఎక్కువమంది అంగీకరించినది. ఆర్యభటుడు గ్రహణానికి కారణం నీడయేనని చెప్పిన తన గ్రంథంలో పేర్కొన్న సంవత్సరం 499. గాంగ శకం, ఆ గణితం ఒకే కాలపు బిడ్డలన్నమాట.

నడగాం రేకులు లేకపోతే గ్రహణం ఒక్కటే చాలేది కాదు. అట్టి మార్గశిర గ్రహణాలు ప్రతి శతాబ్దంలోనూ ఉన్నవి. గ్రహణపు మాట లేకపోతే నడగాం రేకులూ చాలేవి కావు. ఒక ఊరి రేకు మరొక ఊరి రేకుకు అర్థం చెప్పింది. దొరికిన రాగిని కరిగించి చెంబు పోయించుకున్న ఇంట, తమకు తెలియకుండానే, ఇట్టి సాక్ష్యం ఒకటి మాసిపోతుంది. కనుక నాగలికి, గునపానికి తగిలిన రేకులను చింతపండుతో తోమరాదు, కడియం తెంపరాదు, అమ్మరాదు. 1878 నాటి చట్టం ప్రకారం అట్టి నిక్షేపాన్ని కలెక్టరుకు తెలియజేయవలె. ఈ సంగతి పల్లెలో అందరికంటె ముందు చెప్పగలిగినవారు పాఠశాల ఉపాధ్యాయులు, విద్యార్థులు.