సామాను లిస్టులో ఎక్కని ముగ్గు

పిల్లలూ,

బదిలీ ఆర్డరు రాగానే ఇంట్లో సామాను లిస్టు రాస్తారు. బీరువా, ఫ్రిజ్, మంచాలు, గ్యాస్ కాగితాలు, మీ టి.సి.లు. అమ్మ చేతిలో ఉన్న పని మాత్రం ఏ లిస్టులోనూ ఎక్కదు. దానికి లారీలో చోటు అక్కర్లేదు కాబట్టి ఎవరూ గుర్తుపెట్టుకోరు. కొత్త ఊరు చేరాక నాన్నగారి హోదా మొదటి రోజే కాలనీ అంతా తెలుస్తుంది. అమ్మ ఉద్యోగస్తురాలైతే ఆమె హోదా కూడా తెలుస్తుంది. అమ్మకు ఏం వచ్చో మాత్రం రెండేళ్లు పక్కింట్లో ఉన్నవాళ్లకు కూడా తెలియకుండానే మళ్లీ బదిలీ వచ్చేస్తుంది.

తెలుగు చెప్పే మేము కూడా మీలాగే ఊళ్లు తిరిగేవాళ్లమే. తిరిగిన చోటల్లా మాకు బాగా పనికొచ్చిందని తోచినది ఒకటుంది. అమ్మలను బడికి పిలిచి, వాళ్ల చేతి పనిని పిల్లలకు నేర్పించమని అడగడం. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేకుండా గడపమంది. వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, చిత్రకారుడు వంటి వారి దగ్గర పని నేర్చుకోవడానికి ఉద్దేశించిన రోజులవి. ఆ వరుసలో అమ్మలు ఎందుకు ఉండకూడదు?

మొదలుపెట్టడానికి ముగ్గు మంచిది. ఖర్చు తక్కువ, పైగా దాదాపు ప్రతి రాష్ట్రం వాళ్లకూ తమదంటూ ఒకటుంది. మన చుట్టుపక్కల ఇళ్లలోనే చూడండి. కుమావూ కొండల నుంచి వచ్చిన అమ్మ వేసేది ఐపణ్. ముందు నేలకు గేరూ అనే ఎర్రమన్ను పూస్తారు. మన ఊళ్లలో అరుగులకు పూసే జాజు లాంటిదే అది. ఆరాక నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి ముద్దను నీళ్లలో కలిపి వేళ్లతో గీస్తారు. ఆ ముద్దను బిస్వార్ అంటారు. బెంగాలీ అమ్మ వేసే అల్పనలోనూ బియ్యప్పిండి నీళ్లే, కానీ అక్కడ చిన్న గుడ్డ పీలికను అందులో ముంచి, పిండిన నీళ్లు వేలి మీదుగా జారేలా గీస్తారు. అందుకే అల్పనలో గీతలు తీగల్లా వంపులు తిరుగుతాయి. కోజాగరి లక్ష్మీపూజ రోజు వాకిలి నుంచి ఇంట్లోకి లక్ష్మీదేవి చిన్న చిన్న పాదాలు కనిపిస్తాయి. ఒడిశా వాళ్ల ఝోటిలో కూడా ఆ పాదాలుంటాయి. మార్గశిర గురువారాల్లో మాణబసా పూజకు నేల మీదా మట్టి గోడల మీదా వరి కంకుల బొమ్మలు వేస్తారు. రాజస్థాన్ మాండణాలో ఎరుపు మీద తెల్లసున్నపు మట్టి. కేరళ వాళ్లకు పిండితో పనే లేదు. అత్తం నుంచి తిరువోణం దాకా పది రోజులూ పూలే.

మనదీ తమిళులదీ పొడి పిండి. చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య నుంచి పిండి జారాలి, గీత తెగకూడదు. తడి పిండి అలవాటైన బెంగాలీ అమ్మకు మన పొడి ముగ్గు పట్టు దొరకడానికి చాలాసేపు పడుతుంది. మన అమ్మకు అల్పన కూడా అంతే. ఇద్దరినీ ఒకే రోజు పిలిస్తే వాళ్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడం పిల్లలు చూస్తారు. పెద్దవాళ్లు తడబడుతూ నేర్చుకోవడం చూడటం పిల్లలకు మంచి పాఠమని మా నమ్మకం.

ఇక చుక్కల సంగతి. "15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు" అని అమ్మ అన్నదంటే అది ఒక సూత్రం. మధ్యలో 15 చుక్కల వరుస. దానికి పైనా కిందా, చుక్కకూ చుక్కకూ మధ్య సందులో పడేలా 14, ఆపైన 13, ఇలా 8 దాకా తగ్గుతూ వెళ్లాలి. మొత్తం ఎన్ని? 15కు, 14 నుంచి 8 వరకు కూడిన 77ను రెండుసార్లు కలపండి. 169. చిన్నదైతే 7 చుక్కలు, 4 వరకు. 37 వస్తాయి. ఆకారం ఆరు మూలలది. ఎదురు చుక్కల ముగ్గులో వరుసలు సందులో కాక ఒకదాని కింద ఒకటి నిలుస్తాయి కాబట్టి లెక్క మారిపోతుంది. లెక్కల మాస్టారికి చూపించండి, బోర్డు వదలరు. మెలికల ముగ్గును తమిళులు సిక్కు కోలం అంటారు. చుక్కను తాకకుండా చుట్టూ తిరిగి గీత మొదలైన చోటికే రావాలి. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ కోలాలను కంప్యూటరు వ్యాకరణాలతో ఎలా వర్ణించవచ్చో పరిశోధించి 1974లో పత్రం ప్రచురించారు. ఆ లెక్క వాకిట్లో వంగి ముగ్గు వేసే ఆడవాళ్ల చేతుల్లో అప్పటికే ఉంది.

బడిలో ఇలాంటి రోజు పెడదామనుకుంటే అడ్డం వచ్చేది భాష. "మా అమ్మకు హిందీ రాదు, ఇంగ్లీషు రాదు, ఆవిడ రాదులెండి" అని పిల్లలే ముందు చెప్పేస్తారు. ఆ మాట వెనక కొంచెం సిగ్గు ఉంటుందని మాకు తెలుసు. క్లాసులో అందరి ముందూ అమ్మ తప్పు హిందీ మాట్లాడుతుందేమోనని భయం. అందుకని అమ్మను ఆమె భాషలోనే మాట్లాడమంటాం. ఆమె బిడ్డ పక్కన నిలబడి హిందీలో చెబుతాడు. శ్రీకాకుళం యాసైనా, భోజ్‌పురీ అయినా సరే. చేతి పనికి మాటలు ఎలాగూ తక్కువే కావాలి. కాసేపటికి దుబాసీ అవసరమే తీరిపోతుంది. "అరె, ఇలా" అని అమ్మ పక్క పిల్ల వేలు పట్టుకుని సర్దుతుంది. అప్పటిదాకా తల దించుకున్న బిడ్డ, తర్వాత "ఆంటీ మళ్లీ ఎప్పుడొస్తారు?" అని స్నేహితులు అడుగుతుంటే ఇంటికి వెళ్తాడు.

రాష్ట్రాల దినం నాడు పట్టు పరికిణీలు, తలపాగాలు కట్టి ఫొటోలు దిగడం మాకు ఇష్టమే. కానీ ఫొటో అయ్యాక బట్టలు విప్పేస్తే చేతిలో ఏమీ మిగలదు. నేర్పే పనికి కనీసం రెండు పీరియడ్లు వరసగా కావాలి. నలభై నిమిషాల్లో నేలను తడిపి ఊడ్చేసరికే గంట కొడతారు.

బడి ఇలాంటి పనిని గౌరవించడం కొత్తేమీ కాదు. శాంతినికేతన్‌లో 1919లో మొదలైన కళాభవన్‌లో సుకుమారీ దేవి అల్పన నేర్పారు. తర్వాత నందలాల్ బోస్ కూతురు గౌరీ భంజ ఆ పనిని చాలా ఏళ్లు నడిపారు. నేటికీ అక్కడి ఉత్సవాలకు అల్పన ఉండి తీరాలి.

మన క్వార్టర్లలో పరిస్థితి వేరు. మూడో అంతస్తు, తలుపు ముందు రెండడుగుల టైలు. చాలా మంది అమ్మలు దాని మీద స్టిక్కరు ముగ్గు అంటించి ఊరుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం, వాకిలే లేదు కదా. కానీ సంక్రాంతి నెలంతా వాకిలి నిండా వేసిన చెయ్యి పదేళ్లు గీయకపోతే ముందుగా పోయేది పెద్ద ముగ్గులే. ఆమెకు తెలిసినవి ఇరవై అయితే, మీ చేతికి వచ్చేది ఒకటో రెండో. బడి ఆటస్థలం అంత పెద్ద నేల కాలనీలో ఇంకెక్కడా లేదు. అబ్బాయిలూ, ఇది మీకు కూడా చెబుతున్నాం. చుక్కలు పెట్టడానికి మీ వేళ్లూ సరిపోతాయి.

దొరకని వస్తువు గురించి బాధపడకండి. సూరత్, షోలాపూర్, భివండీ మగ్గాల పనికి వెళ్లిన తెలంగాణ కుటుంబాలు తమతో బతుకమ్మను కూడా తీసుకెళ్లాయి. తంగేడు, గునుగు దొరకని చోట బంతి, చామంతి పేరుస్తారు. అదీ బతుకమ్మే.

ఇంకొక మాట. మన గేటు లోపల ఉన్న అమ్మలనే పిలిస్తే ఈ పని సగమే. పశ్చిమ ఒడిశా నుంచి చాలా కుటుంబాలు నువాఖాయి పండుగ చేసుకుని, ఆ తర్వాత తెలుగు నేల మీది ఇటుక బట్టీలకు వస్తాయి. వానాకాలం ముందు తిరిగి వెళ్తాయి. వాళ్లవీ బదిలీ బతుకులే, కాకపోతే ఆర్డరు ఉండదు, క్వార్టరు ఉండదు, పిల్లలకు టి.సి. కూడా చాలాసార్లు ఉండదు. మార్గశిర గురువారాలు సరిగ్గా వాళ్లు బట్టీ దగ్గర ఉండే రోజుల్లోనే వస్తాయి. బడి పక్కన భవనం కడుతున్న కూలీల్లోనూ ఝోటి వేయగల అమ్మ ఉండవచ్చు. ఆమెను పిలిస్తే ఆ పూట కూలి పోతుంది. కాబట్టి ఆ డబ్బు బడి ఇవ్వాలి, ముందే మాట్లాడుకోవాలి. ఊరికే వచ్చి నేర్పమనడం న్యాయం కాదు.

వచ్చే సంచి లేని రోజుకు ఇప్పుడే అమ్మను అడగండి. మీ చిన్నప్పుడు ఎవరి దగ్గర నేర్చుకున్నావు, పెద్ద ముగ్గు ఎన్ని చుక్కలది, మీ ఊళ్లో దాన్ని ఏమంటారు అని. జవాబు ఆమె భాషలోనే నోట్‌బుక్కులో రాసుకోండి. ఆ రోజు అర కిలో పిండి, ఒక పాత నూలు గుడ్డ తెచ్చుకుంటే చాలు. పొడి ముగ్గుకు వేళ్లు తడిగా ఉండకూడదు. వీలైతే బియ్యప్పిండే తెండి, రాతిపిండి వద్దు. సాయంత్రానికి చీమలు సగం తినేస్తాయి, మిగిలింది ఊడ్చడం తేలిక.