పాత కారులో గాలి లెక్క: ఇంధన ఇంజెక్షన్, గాలి సెన్సార్ల లోపాలను గుర్తించడం

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు
- ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే రెండు పద్ధతుల మధ్య తేడా చెప్పగలుగుతారు.
- సెన్సార్‌ను మార్చే ముందు దాన్ని పరీక్షించగలుగుతారు.
- గాలి లీకును, దుమ్ము పట్టిన సెన్సార్‌ను, ఇంధన పీడన లోపాన్ని వేరుచేసి గుర్తించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

మా వీధిలో ఒక డ్రైవర్ ఉన్నాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికి రోగులను తన పాత పెట్రోలు కారులో తీసుకువస్తుంటాడు. కారు నిలబడి ఉన్నప్పుడు కూడా ఇంజన్ నిమిషానికి 1,300 చుట్లు తిరుగుతోందని, పెట్రోలు ఎక్కువ తాగుతోందని ఒక షెడ్డులో చూపించాడు. అక్కడ మ్యాప్ సెన్సార్ మార్చారు, తగ్గలేదు. ఐడిల్ వాల్వ్ మార్చారు, అయినా తగ్గలేదు. అప్పటికి అతడి పది రోజుల సంపాదన ఖర్చయింది. నాతో ఈ సంగతి చెబుతూ, "ఈ మధ్య బ్రేకు కూడా కాస్త గట్టిగా ఉంటోంది సార్" అన్నాడు. ఆ మాటను గుర్తుపెట్టుకోండి. లోపం ఏమిటో పాఠం చివర చూద్దాం.

2. ఇంజన్‌కు గాలి లెక్క ఎందుకు?

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. కార్బ్యురేటర్‌లో లోపలికి వెళ్లే గాలి వేగమే పెట్రోలును పీల్చుకునేది. 2000లో మనదేశంలో కొత్త కాలుష్య ప్రమాణాలు వచ్చిన రోజుల్లో మారుతి 800 వంటి చిన్న కార్లలో కూడా దాని స్థానాన్ని ఇంజెక్షన్ ఆక్రమించింది. ఇంజెక్టర్ అంటే విద్యుత్తుతో తెరుచుకునే కవాటం. అది ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉండాలో ఇ.సి.యు. అనే చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయానికి ముఖ్యమైన ఆధారం గాలి లెక్క. పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సార్ ఫలితాన్ని తిరిగి తెలియజేస్తుంది. దాన్నిబట్టి ఇ.సి.యు. పెట్రోలును కొన్ని శాతాలు పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. ఈ సవరణను ఫ్యూయెల్ ట్రిమ్ అంటారు.

3. గాలిని కొలిచే రెండు పద్ధతులు

మాఫ్ సెన్సార్: ఇది ఎయిర్ ఫిల్టర్ తరవాత ఉంటుంది. వేడెక్కిన సన్నని తీగను లేదా పొరను గాలి చల్లబరుస్తుంది. ఎంత చల్లబడిందనే దాన్నిబట్టి గాలి ద్రవ్యరాశి తెలుస్తుంది.

మ్యాప్ సెన్సార్: ఇది థ్రాటిల్ తరవాత ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని పీడనాన్ని కొలుస్తుంది. పీడనం, గాలి ఉష్ణోగ్రత, ఇంజన్ వేగం కలిపి ఇ.సి.యు. గాలిని లెక్కగడుతుంది.

భద్రకాళి గుడికి వచ్చే జనాన్ని లెక్కించాలనుకోండి. గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరిని లెక్కపెట్టడం మాఫ్ పద్ధతి. లోపల రద్దీ చూసి అంచనా వేయడం మ్యాప్ పద్ధతి. గోడ దూకి వచ్చినవారు మొదటి మనిషి లెక్కలోకి రారు. రెండో మనిషి లెక్కలోకి వస్తారు.

గాలి లీకు కూడా గోడ దూకిన మనిషి లాంటిదే. మాఫ్ ఉన్న కారులో లీకు గాలి లెక్కలోకి రాదు. మిశ్రమంలో పెట్రోలు తగ్గి ఇంజన్ వణుకుతుంది, ట్రిమ్ పెరుగుతుంది. మ్యాప్ ఉన్న కారులో ఆ గాలి మానిఫోల్డ్ పీడనాన్ని పెంచుతుంది కాబట్టి ఇ.సి.యు. దానికి తగినంత పెట్రోలు ఇస్తుంది. అందువల్ల ట్రిమ్ పెద్దగా మారదు, ఐడ్లింగ్ వేగం పెరుగుతుంది. లోపం ఒకటే అయినా లక్షణాలు వేరు. అందుకే మీ కారులో ఏ సెన్సార్ ఉందో ముందుగా తెలుసుకోండి.

4. సెన్సార్‌ను పరీక్షించడం

మ్యాప్ సెన్సార్‌కు వాతావరణమే తూకపు రాయి. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా స్కానర్‌లో చూడండి. వరంగల్ సముద్ర మట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తులో ఉంది. కనుక ఇక్కడ సుమారు 97 లేదా 98 కిలోపాస్కల్‌లు కనిపించాలి. సముద్రతీరంలోని విశాఖపట్నంలో అయితే 100-101 ఉంటుంది. వేడెక్కిన ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు సాధారణంగా 30-40 మధ్య ఉండాలి. కొన్ని పాత కార్లకు మామూలు స్కానర్ కలవదు. అప్పుడు మల్టీమీటర్‌తో సిగ్నల్ వైరును చూడండి. చాలా కార్లలో ఇంజన్ ఆగి ఉన్నప్పుడు దాదాపు 4 వోల్టులు, ఐడ్లింగ్‌లో 1-1.5 వోల్టులు ఉంటుంది.

మాఫ్ సెన్సార్‌కు చిన్న లెక్క చేయండి. 1.2 లీటర్ల ఇంజన్ 750 చుట్ల వేగంతో సెకనుకు 7.5 లీటర్లు పీల్చగలదు. రెండు చుట్లకు ఒకసారే పీల్చుతుంది కదా. 35 డిగ్రీల వేడిలో ఇక్కడి గాలి లీటరు బరువు సుమారు 1.1 గ్రాములు. మానిఫోల్డ్ పీడనం బయటి పీడనంలో దాదాపు మూడో వంతే కాబట్టి సెకనుకు 2-3 గ్రాములు రావాలి. దీనికి చాలా దూరంగా ఉంటే అనుమానించండి. ఎండాకాలంలో ఎనుమాముల మార్కెట్ దారిలో లేచే దుమ్ము, సరిగా కూర్చోని ఫిల్టర్ పక్కనుంచి లోపలికి చేరి తీగపై పేరుకుంటుంది. అటువంటి సెన్సార్‌ను గుడ్డతో తుడవకండి, పెట్రోలుతో కడగకండి. మాఫ్ కోసం ప్రత్యేకంగా దొరికే స్ప్రే వాడి, పూర్తిగా ఆరనివ్వండి.

5. ట్రిమ్ ఏం చెబుతుంది?

మాఫ్ ఉన్న కారులో
- ఐడ్లింగ్‌లో ట్రిమ్ ఎక్కువగా ఉండి, వేగం పెంచితే తగ్గితే గాలి లీకు.
- బరువు లాగేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు పెరిగితే దుమ్ము పట్టిన మాఫ్, మూసుకుపోయిన ఇంధన ఫిల్టర్ లేదా బలహీనమైన పంపు. పీడన గేజి పెట్టి చూస్తే ఈ రెండు రకాలూ విడిపోతాయి.

ఇథనాల్ సంగతి కూడా గమనించండి. ఇప్పుడు బంకుల్లో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌కు గ్రాముకు 9 గ్రాముల గాలే చాలు. కనుక అదే గాలికి స్వచ్ఛమైన పెట్రోలుతో పోలిస్తే సుమారు 7 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. పాత కారులో ట్రిమ్ కొంత పెరిగినంతమాత్రాన సెన్సార్ చెడిపోయినట్టు కాదు.

6. ఆ కారు సంగతి

ఇప్పుడు డ్రైవర్ కారు చూద్దాం. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు మ్యాప్ 98 చూపింది. అంటే సెన్సార్ మంచిదే. ఐడ్లింగ్‌లో 45 దాటింది. మానిఫోల్డ్‌లో గాలి నిజంగానే ఎక్కువుందని అది చెబుతోంది. అప్పుడు మానిఫోల్డ్ నుంచి వెళ్లే గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కి చూశాం. బ్రేకు బూస్టర్ గొట్టం నొక్కగానే ఇంజన్ వేగం తగ్గింది. కొన వద్ద రబ్బరు పగిలి ఉంది. బ్రేకు గట్టిపడటానికీ అదే కారణం. సెన్సార్‌ను పరీక్షించకుండా మార్చడం వల్ల డబ్బు పోయింది. అంతకంటే ముఖ్యంగా, రోగులను ఎక్కించుకున్న కారు అన్ని రోజులూ సరిలేని బ్రేకుతో తిరిగింది.

సారాంశం

సెన్సార్ చూపే అంకె అసాధారణంగా ఉంటే రెండు అవకాశాలున్నాయి. సెన్సార్ తప్పు చెబుతుండవచ్చు, లేదా ఇంజన్‌లోని తప్పును నిజంగానే చెబుతుండవచ్చు. తెలిసిన విలువతో పోల్చి చూసిన తరవాతే విడిభాగం మార్చండి. ఇంధన గొట్టం విప్పే ముందు పీడనం వదిలించండి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గాలి లీకు వల్ల మాఫ్ కారులో, మ్యాప్ కారులో కనిపించే లక్షణాలు ఎందుకు వేరుగా ఉంటాయి?
2. మీ ఊరిలో ఇంజన్ ఆగి ఉన్నప్పుడు మ్యాప్ సెన్సార్ 80 కిలోపాస్కల్‌లు చూపితే మీరు ఏ నిర్ణయానికి వస్తారు? ఎందుకు?
3. 1 లీటరు ఇంజన్ 900 చుట్ల వేగంతో ఐడ్లింగ్‌లో సెకనుకు సుమారు ఎన్ని గ్రాముల గాలి తీసుకుంటుందో లెక్కించండి.