ప్రాంగణ నియామకాల్లో ‘ఆఫర్’: మాట, అర్థం, నిరీక్షణ

పాలకొల్లు నుంచి రైల్లోనో బస్సులోనో భీమవరం, నరసాపురం వైపు ఇంజనీరింగు చదువుకు వెళ్ళే విద్యార్థికి సాఫ్ట్‌వేర్ సంస్థ ముఖాముఖి పరిచయమయ్యేది సాధారణంగా ప్రాంగణ నియామకాల్లోనే. పరీక్షకు ముందు సంస్థ ప్రతినిధి చేసే ప్రసంగాన్ని ‘ప్రీ ప్లేస్‌మెంట్ టాక్’ అంటారు. సంస్థ ఘనత, శిక్షణ, విదేశాల్లో పనిచేసే అవకాశం, వార్షిక వేతనం అందులో ప్రధానాంశాలు. ఆ వేతనం ‘సీటీసీ’, అనగా ఉద్యోగిపై సంస్థకయ్యే మొత్తం వ్యయం. భవిష్యనిధిలో సంస్థ వాటా వంటివి కూడా అందులో కలిసి ఉంటాయి. పత్రికల్లో స్థిరపడిన ‘ప్యాకేజీ’ అన్న మాట, దీనికీ నెలనెలా చేతికందే జీతానికీ గల తేడాను కప్పివేస్తోంది.

ప్రసంగం విద్యార్థిని ఆకట్టుకోవడానికే సాగినా, ఎంచుకొనే అవకాశం అతనికి స్వల్పం. ఒక ఆఫర్ అందుకున్నవారిని, వేతనంలో గణనీయమైన తేడా ఉంటే తప్ప, తరువాతి సంస్థల ఎంపికలకు అనేక కళాశాలలు అనుమతించవు. ఎక్కువమందికి అవకాశం దక్కాలన్నది ఆ నియమం ఉద్దేశం. స్వయంవరమని పిలిచి, పూలదండను సంస్థ చేతికిచ్చినట్లుంటుంది.

అసలు చిక్కు ‘ఆఫర్’ అన్న మాటలో ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం ప్రతిపాదనను ఎదుటివారు అంగీకరించినప్పుడే అది వాగ్దానమవుతుంది. ఐటీ సంస్థల ఆఫర్ లేఖల్లో చేరే తేదీ తరచుగా ఉండదు. షరతులు మాత్రం ఉంటాయి. ఇంట్లో దానిని ఎవరూ ప్రతిపాదన అనరు. “మావాడికి ఉద్యోగం వచ్చిందండీ” అనే చెబుతారు. ‘వచ్చింది’ అన్న భూతకాల క్రియ, ఇంకా జరగవలసినదాన్ని జరిగిపోయినట్లు చూపుతుంది. ఎంపికకూ చేరికకూ నడుమ గడిచే కాలానికి వాడుకలో ప్రత్యేకమైన పేరు లేదు. ‘ఆన్‌బోర్డింగ్’ అన్న అరువుమాట కూడా చేరికనే సూచిస్తుంది, నిరీక్షణను కాదు.

కోవిడ్ కాలంలో సంస్థలు పోటీపడి పట్టభద్రులను ఎంపిక చేసుకున్నాయి. ఆపై గిరాకీ తగ్గడంతో చేరికలు నెలల తరబడి నిలిచాయి. 2023 ఫిబ్రవరిలో విప్రో, ఏటా 6.5 లక్షల రూపాయల ఆఫర్‌తో నిరీక్షిస్తున్న కొత్త పట్టభద్రుల ముందు 3.5 లక్షలకు చేరే ప్రత్యామ్నాయాన్ని ఉంచింది. సంస్థ దృష్టిలో అది మరొక ప్రతిపాదన. ‘ఉద్యోగం వచ్చింది’ అని ఊరంతా చెప్పుకున్న ఇంటికి మాత్రం అది వచ్చినదానిలో దాదాపు సగం పోవడమే. పైగా విద్యారుణం వాయిదాలు సాధారణంగా చదువు ముగిసిన ఏడాదికి మొదలవుతాయి. ఆఫర్ లేఖలో లేని తేదీ కోసం బ్యాంకు ఆగదు.