జానపద గేయముల వేగనిర్ణయము - యంత్రగణనము

జానపద గేయములను గ్రంథస్థము చేసినవారు ప్రధానముగా వాని పదములను భద్రపఱచిరి. పాట ఎంత వేగమున నడచినదో ముద్రితపాఠము చెప్పదు. ఆ కొఱతను తీర్చునవి ధ్వనిముద్రణములు. అవి నేడు కంప్యూటరులలో సంగీతభాండారములుగా చేరుచున్నవి. అందలి ప్రతి పాటకును నిమిషమునకు ఇన్ని దెబ్బలని సంఖ్యను కట్టు సాఫ్ట్‌వేరులును కలవు. ఆ సంఖ్యను పరిశోధకుడు ఎంతవఱకు నమ్మవచ్చునో గుంటూరు, ప్రకాశం జిల్లాల గేయసంప్రదాయము నాధారముగా గొని విచారింతము.

కంప్యూటరు మొదట నాదబలము హఠాత్తుగా పెరిగిన తావులను గుర్తించును. వాద్యముపై దెబ్బ, అందెల మ్రోత అట్టి తావులు. పిమ్మట ఆ గుర్తుల వరుసను కొంత జరిపి దానితోనే పోల్చును. ఎంత జరిపినపుడు గుర్తులు మిక్కిలిగా కలియునో అదియే దెబ్బకును దెబ్బకును నడిమి కాలము. అది అర సెకను అయినచో వేగము 120. ఎరిక్ షైరర్ 1998లో ప్రకటించిన వ్యాసము ఈ శాఖలో ముఖ్యమైనది. 2015లో పరిశోధకలోకమునకు పరిచితమైన లిబ్రోసా వంటి సాధనములు 120 పరిసరముల నున్న సంఖ్యలవైపు మొగ్గును. అందుచే 60 అనవలసినచోట 120 అనుట తఱచుగా కనబడు దోషము.

మిశ్రగతిలో చిక్కు హెచ్చగును. వృషభగతి రగడయందువలె మూడును నాలుగును కూడి ఏడుమాత్రలుగా నడచు పాటను తీసికొందము. మాత్ర 0.2 సెకను అనుకొన్నచో మొదటి భాగము 0.6, రెండవది 0.8 సెకను. చప్పట్లు సమదూరమున పడవు. సమదూరపు దెబ్బలనే వెదకు యంత్రము రెండేసి మాత్రలను పట్టి 150 అనవచ్చును. ఏడు రెంటిచే భాగింపబడదు గనుక ఆ దెబ్బ ఒక ఆవర్తమున ఎత్తుగడపై పడి, మఱుసటి ఆవర్తమున తప్పును. ఆ సంఖ్యను నమ్మినవాడు మిశ్రమును చతురశ్రముగా భ్రమించును.

బుఱ్ఱకథలో వేఱొక చిక్కు కలదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లునకు చెందిన షేక్ నాజర్ (1920–1997) ఈ కళకు విశేషప్రచారము కల్పించి 1986లో పద్మశ్రీ పొందెను. కథకుడు తంబురా మీటుచు, వ్రేళ్ళ అందెలను మ్రోగించుచు కథ నడపును. వంతలు డక్కీలు వాయింతురు. యుద్ధఘట్టమున వేగము హెచ్చును. ఒక ఘట్టము 90తో మొదలై 160తో ముగిసినదనుకొందము. మొత్తమునకు 125 అని వ్రాసినచో, రసానుగుణముగా వేగము మారినదను ముఖ్యవిషయమే మఱుగుపడును.

చేనిపాటల స్థితి ఇంకను భిన్నము. దంపుళ్ళ పాటకు రోకటిపోటే తాళము. పత్తి తీయునపుడు, మిరపకాయలు కోయునపుడు ఎవరి చేయి వారిదే. అచ్చట పాడిన పాటకు పనిదెబ్బ తోడురాదు; ఎత్తుకొన్నవారి ఊపిరియు, అందుకొన్నవారి జాగును వేగమును నిర్ణయించును. అయినను యంత్రము సాధారణముగా ఏదో యొక సంఖ్యను చెప్పకమానదు.

తాళజ్ఞానము ముందుండవలెనని సంగీతగణనశాస్త్రజ్ఞులును గుర్తించిరి. 2011లో బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయమున ఆరంభమైన కాంప్‌మ్యూజిక్ ప్రణాళిక కర్ణాటక సంగీతమును దాని తాళవ్యవస్థ ననుసరించియే పరిశీలించినది. జానపద గేయమునకును ఇదియే మార్గము. పరిశోధకుడు ముందుగా తాను చేత తాళము వేసి గతిని నిర్ణయింపవలెను. ఏ దెబ్బను లెక్కించెనో తెలుపవలెను. ఘట్టఘట్టమునకు వేగమును వేఱుగా వ్రాయవలెను. దెబ్బ లేనిచోట సంఖ్యను విడిచి, ఆ విషయమునే నమోదు చేయవలెను. అపుడే యంత్రగణనము పాఠపరిష్కరణమునకు తోడగును. లేనిచో పదములను కాపాడిన మనము లయను తప్పుగా వ్రాసి ముందుతరమున కందించినవారమగుదుము.