పాలపళ్ళ పుచ్చు: తొలచడం నుండి నిలపడం వరకు

పన్నుకు పురుగు పట్టిందనడం తెలుగునాట వాడుక. నిజానికి అక్కడ పురుగేదీ లేదు. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మార్చగా, ఆ ఆమ్లం పంటిలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. పాలపళ్ళ ఎనామిల్ పలుచన కనుక పుచ్చు త్వరగా లోపలికి పాకుతుంది. ఎలాగూ ఊడేవే కదా అని ఉపేక్షించడానికీ వీలులేదు; వెనుక పాలదంతాలు 10-12 ఏళ్ళ దాకా నిలవాలి. మత్తిచ్చి, తొలిచి, పూడ్చడమే చాలాకాలం చికిత్సగా చెల్లింది. కుదురుగా కూర్చోలేని 3 ఏళ్ళ బిడ్డకు అది శిక్షే.

సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ ఈ స్థితిని మార్చింది. జపాన్‌లో 1970 నాటికే వాడుకలోకి వచ్చిన ఈ ద్రవాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. 38 శాతం ద్రావణాన్ని పుచ్చుపై చుక్కంత అద్దితే వెండి సూక్ష్మజీవులను చంపుతుంది, ఫ్లోరైడ్ పంటిని గట్టిపరుస్తుంది. అయితే పుచ్చిన భాగం శాశ్వతంగా నల్లబడుతుంది. నలుపును రోగంగానే ఎరిగిన తల్లిదండ్రులకు, ఈ గట్టి నలుపు రోగం ఆగిందనడానికి గుర్తని ముందే చెప్పవలసి ఉంటుంది. నల్లగొండ ప్రాంతంలో ఫ్లోరైడ్ పేరే భయం గొలుపుతుంది, అది సహజం. కాని అక్కడి కీడు ఏళ్ళ తరబడి తాగిన నీటిది, ఏడాదికి ఒకటి రెండుసార్లు అద్దే చుక్కది కాదు. పంటి లోపలి నరం దాకా పాకిన పుచ్చుకు మాత్రం ఈ పూత పనికిరాదు.