పట్టూ – విడుపూ

తెలుగువాడికి 'పట్టు' లేనిదే పొద్దు గడవదు. పెళ్ళికి పట్టుచీర కావాలి. తలనొప్పికి శొంఠిపట్టు కావాలి. పని బాగా వచ్చినవాడికి పనిమీద పట్టుందంటాం, మాట విననివాడిది మంకుపట్టంటాం. ఇన్ని పట్టుల్లోకీ నాకు ముచ్చటైనది కుస్తీపట్టు. కత్తీ కటారీ లేకుండా, చుక్క రక్తం చిందకుండా, వట్టి చేతులతో ఎదుటివాడి కదలికను కట్టిపడేసే విద్య అది.

ఆ విద్య ఇప్పుడు గోదా విడిచి భోజనాల బల్ల ఎక్కింది. వేసవి సెలవులకు మనమలూ మనమరాళ్ళూ దిగితే, ఆత్మకూరులో మా ఇంటి బల్లమీద విస్తళ్ళకు చోటుండదు. కాగితాలు, పెన్సిళ్ళు, రంగురంగుల పాచికలు. వాళ్ళు ఆడే ఆట పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. నేలమాళిగల్లో దూరి, అగ్గి కక్కే రెక్కల పాములతో పోరాడే ఆటన్నమాట. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు కల్పించగా 1974లో అచ్చయి బజారుకు వచ్చింది. ఒకడు కథ నడుపుతాడు. తక్కినవాళ్ళు తలా ఒక పాత్ర ధరిస్తారు. వేషాలుండవు, తెర ఉండదు, అంతా నోటిమాటే. పాత్ర తలపెట్టిన పని నెగ్గుతుందో లేదో సందేహం వస్తే పాచిక తేలుస్తుంది. ఆ పాచికకు ఇరవై ముఖాలు! అది దొర్లి నేలపాలు కాకుండా మా పిల్లలు ఉదయగిరి చెక్కపళ్ళెంలో వేస్తారు.

నన్నూ కూర్చోబెట్టి ఒక మల్లుడి పాత్ర ఇచ్చారు. కత్తియుద్ధం సులువుగానే బోధపడింది. పాచిక వేస్తాం, పడ్డదానికి మన బలం కలుపుతాం. ఎదుటివాడి కవచానికి ఒక అంకె ఉంటుంది. మన లెక్క దాన్ని అందుకుంటే దెబ్బ తగిలినట్టు, వాడి ప్రాణంలో కొంత తరిగినట్టు. నా వంతు వచ్చింది. "దొంగను ఒడిసి పట్టుకున్నాను" అన్నాను. పాచిక నా వైపే పడింది. "మరి వాడి ప్రాణం ఎంత తగ్గింది?" అని అడిగాను.

"ఏమీ తగ్గలా తాతా! నువ్వు వాణ్ణి కొట్టలా, పట్టుకున్నావంతే" అంది మా మనమరాలు. పన్నెండేళ్ళది, మనిషి చువ్వలా ఉంటుంది.

చిక్కంతా అక్కడే ఉంది. దెబ్బకు లెక్క కట్టడం తేలిక. పట్టుకు ఏమని కడతాం? ఆ ఆటవాళ్ళు యాభై ఏళ్ళుగా ఈ లెక్కతోనే కుస్తీ పడుతున్నారు. 1979లో వచ్చిన నిర్వాహకుల గ్రంథంలో పిడిగుద్దులకు ఒక పట్టిక, పట్టుకు ఒకటి, మీదపడి నేలకూల్చడానికి ఇంకొకటి. అన్నీ నూటికి ఇన్ని పాళ్ళనే లెక్కలే. 2000లో నియమాలన్నీ తిరగరాశారు గాని, పట్టుకు మాత్రం నాలుగు మెట్లు పెట్టారు. మనం పట్టబోతే ముందు ఎదుటివాడు ఒక దెబ్బ వేస్తాడు. అది తగిలితే పట్టు పోయె. తగలకపోతే మనం వాణ్ణి తాకాలి. తాకాక బలాబలాలు తేల్చాలి. తేలాక వాడి చోట్లోకి చొరబడాలి. ఇంతలో బల్లమీద కాఫీ చల్లారిపోతుంది. పట్టు అనేసరికి ఆటగాళ్ళు నీరుగారిపోయేవారంటే వింత లేదు.

2014లో దాన్ని ఒక్క మెట్టుకు దించారు. పట్టేవాడూ పాచిక వేస్తాడు, పట్టుబడేవాడూ వేస్తాడు. ఎవరిది పెద్దదైతే వాడిది గెలుపు. సరిసమానంగా పడితే పట్టు దొరకనట్టే లెక్క. అందుచేత ఇద్దరి నేర్పూ ఒకటే అయినప్పుడు పట్టేవాడికి గెలుపు నూటికి 47½ పాళ్ళే. 2024లో ఇంకా కుదించారు. పట్టేవాడు పాచికే వెయ్యక్కర్లేదు. 8కి తన బలాన్నీ సాధననూ కలిపి ఒక అంకె నిలబెడతాడు. నా మల్లుడికి బలం 3, సాధన 2. మొత్తం 13. ఎదుటివాడు పాచిక వేసి దాన్ని అందుకుంటే జారిపోయినట్టు, అందుకోలేకపోతే చిక్కినట్టు. ఏ బలమూ లేని అర్భకుడికైనా నూటికి 40 పాళ్ళు తప్పుకొనే వీలుంది.

ఈ రెండు పద్ధతుల్లోనూ మారని ధర్మం ఒకటుంది. పట్టేవాడికి బలం ఒక్కటే ఆధారం. పట్టుబడేవాడికి రెండు దార్లు: బలంతో నిలవవచ్చు, ఒడుపుతో జారవచ్చు. ఏది కావాలో ఎంచుకొనే హక్కు కూడా వాడిదే. మా మనమరాలు ఎప్పుడూ ఒడుపునే ఎంచుకొంటుంది. తనకంటే మూడేళ్ళు పెద్దవాడైన బావ పాత్ర ఎంత కండలు తిరిగినదైనా, దీనిది చేపపిల్లలా జారిపోతుంటే వాడు పళ్ళు నూరడం చూసి తీరాలి.

మరి పట్టు దొరికితే లాభమేమిటి? పట్టుబడ్డవాడి నడక సున్న అవుతుంది. ఉన్నచోటునుంచి అడుగు కదల్చలేడు. 2024 నియమాల్లో, పట్టినవాణ్ణి కాక మరొకరిని కొట్టబోతే గురి కూడా చెడుతుంది. కాని పట్టినవాడికి మాత్రం సుఖమా? ఒక చెయ్యి దానికే అంకితం, రెండు చేతుల కత్తి ఎత్తలేడు. చిక్కినవాణ్ణి ఈడ్చుకుపోవాలంటే నడక సగానికి సగం పడిపోతుంది. తాను స్పృహ తప్పితే పట్టూ తప్పుతుంది. పైగా తనకంటే ఒక్క మెట్టు పెద్ద ప్రాణివరకే చెయ్యి వెయ్యనిస్తారు. గుర్రాన్ని పట్టవచ్చు, ఏనుగును పట్టరాదు. ఛాతీమీద ఏనుగును నిలిపించుకొన్నాడని పేరుపొందిన మన వీరఘట్టం మల్లుడు కోడి రామ్మూర్తి నాయుడుగారి సంగతి ఆ నియమాలు రాసినవాళ్ళకు తెలియదు కాబోలు!

గోదాలోనూ ఇంతే. గెలుపంటే ఎదుటివాణ్ణి గాయపరచడం కాదు, వెల్లకిలా పడేసి వీపు మన్నుకు ఆనించడం. అందాకా ఒకరి మెడమీద ఒకరి చెయ్యి. మొదటివాడు రెండోవాణ్ణి పట్టుకొన్నాడా, రెండోవాడే మొదటివాణ్ణి పట్టుకొన్నాడా అంటే గట్టుమీద కూర్చున్న ఉస్తాదు కూడా చెప్పలేడు. పట్టినవాడూ పట్టుబడ్డవాడే.

ఈ ముక్క మా ప్రాంతంవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆత్మకూరుకు వాయవ్యంగా ఉదయగిరి ఉంది. మూడు వేల అడుగులకు పైబడ్డ కొండ, దాని మీద దుర్గం. కోటను ముట్టడించి గెలవడాన్ని కూడా మనం 'కోట పట్టడం' అనే అంటాం. 1513లో అది గజపతుల చేతిలో ఉండగా శ్రీకృష్ణదేవరాయలు వచ్చి చుట్టుముట్టాడు. లోపలివాళ్ళ నడక సున్న. కాని బయట రాయలవారి నడక మాత్రం సాగిందా? ఏడాదిన్నర ఆ కొండ కిందనే నిలిచిపోయాడు. ఆ తరవాతి కాలంలో విజయనగరానికి వచ్చిన న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు, రాయలు బండరాళ్ళు పగలగొట్టించి, కొండల్లో దార్లు తొలిపించాడని రాసిపెట్టాడు. 1514లో కోట లొంగింది. గజపతికి బంధువైన తిరుమల రౌతరాయడు పట్టుబడ్డాడు. రాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి 1515లో ప్రతిష్ఠించాడు. పట్టు నెగ్గింది, నిజమే. దాని ఖరీదు ఏడాదిన్నర. చక్రవర్తి గనక తట్టుకొన్నాడు.

అందరం చక్రవర్తులం కాము గదా! మా ఎరుకలో అన్నదమ్ములిద్దరున్నారు. పొలం గట్టు దగ్గర మూరెడు జాగా కోసం దావా వేసుకొన్నారు. పదకొండేళ్ళయింది. ఆ మూరెడులో ఏటా పండే గింజలు వాయిదాకు వెళ్ళే బస్సు చార్జీకి చాలవు. పెద్దాయన కూతురి పెళ్ళికి చిన్నాయన రాలేదు. చిన్నాయన మంచాన పడ్డప్పుడు పెద్దాయన గడప తొక్కలేదు. ఊరు విడిచి కొడుకుల దగ్గరకు పోదామన్నా ఇద్దరికీ కాలు సాగదు: "నేను పోతే వాడు గట్టు జరుపుతాడు." ఎవరు ఎవరిని పట్టుకొన్నట్టు?

ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం చివరను తెలిసింది. పట్టుబడ్డవాడు విడిపించుకోవాలంటే తన వంతులోని ముఖ్యమైన పనిని దానికే ధారపోసి పాచిక వెయ్యాలి. తప్పితే ఆ వంతు దండగ. మరి పట్టినవాడు వదలాలంటే?

"ఏమీ అక్కర్లా తాతా. ఎప్పుడు కావాలంటే అప్పుడు వదిలెయ్యొచ్చు. పాచిక వెయ్యబళ్ళా, వంతూ పోదు" అంది మనమరాలు.

వాళ్ళ బావ ఒప్పుకోలేదు. "కష్టపడి పట్టుకొని ఎవడన్నా ఊరికే వదుల్తాడా?" అన్నాడు. వాడి మాటకు మన వేమన్నగారి సాక్ష్యమే ఉంది. ఒకసారి పట్టాక విడవరాదనే ఆయన పద్యం మనమందరం బళ్ళో వల్లించినదే. కాని అదే పద్యంలో ముందు తొందరపడి పట్టు పట్టవద్దన్న మాట కూడా ఉంది. మనం రెండోదే గట్టిగా పట్టుకొని మొదటిది విడిచిపెట్టాం. పెద్దవాళ్ళు ఊరికే 'పట్టువిడుపులు' అని రెంటినీ జంటగా అనలేదు. ఒక్క పట్టే చాలుననుకొంటే రెండో మాట ఎందుకు?

ఆ అన్నదమ్ములిద్దరికీ ఈ ఆట నేర్పుదామని ఉంది. ఇరవై ముఖాల పాచిక చేతికిచ్చి, నియమాలన్నీ చెప్పి, ఆ చివరిది మాత్రం రెండుసార్లు చెబుతాను: విడిపించుకోవడానికే ఖర్చు, విడవడానికి దమ్మిడీ ఖర్చు లేదు.